గేర్లు తీసేసిన సైకిలు

ఈ నెల మేము మీతో ఒక సైకిలు సంగతి చెప్పాలనుకుంటున్నాము. సంఘ పత్రికలో సైకిలు గొడవ ఏమిటని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. మా పరిచర్యలో సగం సైకిలు మీదనే జరిగింది గనుక మాకది చిన్న సంగతి కాదు. పైగా ఇందులో మేము చేసిన ఒక తప్పు కూడా ఉన్నది. అది చెప్పకుండా మిగతాది చెబితే న్యాయము కాదు.

2023 వేసవిలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి, మందిరం మెట్ల దగ్గర చెప్పులు వెదుక్కుంటుండగా మా సంఘములోని ఒక పెద్దావిడ మమ్మల్ని ఆపింది. "అయ్యగారూ, మా ఇంటెనకాల సైకిలుందండి. పాత ఇనప సామానోడు కేజీ లెక్కన తీసుకుంటానన్నాడు. కువైట్ డబ్బులండి అయ్యి, మనసొప్పట్లేదు. మీరొకసారి వచ్చి చూసి చెప్పండి" అన్నది.

ఆవిడ కూతురు కువైట్‌లో ఒక ఇంట పనికి కుదిరి వెళ్లింది. మన రాజోలు, అమలాపురం ప్రాంతాలలో ఇటువంటి ఇళ్లు వీధికి రెండు మూడైనా ఉంటాయి గనుక ఎక్కువ చెప్పనక్కర లేదు. పిల్లలిద్దరూ అమ్మమ్మ దగ్గర. 2021లో తల్లి పంపిన డబ్బుతో పిల్లవాడికి గేర్ల సైకిలు కొన్నారు. ముందు మూడు పళ్ల చక్రాలు, వెనుక ఏడు, అంటే 21 గేర్లు. ఊరిలో మొదటి గేర్ల సైకిలు అదేనట. ఏడాది తిరగలేదు, 2022 జూలైలో గోదావరి వచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వదిలిన వరద అది. 1986 ఆగస్టులో 35 లక్షల వరదను చూసిన పెద్దలకు ఇదొక లెక్క కాకపోవచ్చు గాని, లంకల్లో ఇళ్లున్న వారికి రెండూ ఒకటే. గొడ్లను, బియ్యం బస్తాలను, పిల్లలను గట్టు మీదికి చేర్చారు. సైకిలును అరుగు స్తంభానికి గొలుసు వేసి కట్టేసి వెళ్లారు. వారం తరువాత వచ్చి చూస్తే హాండిలు దాకా ఒండ్రు.

మేము వెళ్లి చూసేసరికి ఆ సైకిలు కోళ్ల గూటి పక్కన నిలబడి ఉన్నది. ఫ్రేము గట్టిగానే ఉన్నది. చక్రాలు తిరుగుతున్నాయి. గేర్ల యంత్రం మాత్రం తుప్పు ముద్ద. వెనుక చక్రం దగ్గర వేలాడే చిన్న పళ్ల చక్రాలు రెండూ బిగుసుకుపోయాయి, దాని స్ప్రింగు విరిగింది, హాండిలు మీది మీటలు కదలడం లేదు. తీగలు గొట్టాల్లోనే అతుక్కుపోయాయి. ఆ సామాను మార్చడానికి ఒక దుకాణములో చెప్పిన ధర విని అమ్మమ్మ గారు లేచి వచ్చేసిందట.

అసలు సంగతి తరువాత తెలిసింది. పిల్లవాడు పదవ తరగతి పాసయ్యాడు. కాలేజీ తొమ్మిది కిలోమీటర్లు. బస్సు వేళకు రాదు, ఆటోకు రోజూ రెండు పూటలా డబ్బులు కావాలి. మోటారు సైకిలు కొంటే చదువుతాను, లేకపోతే రొయ్యల చెరువు మీద పనికి పోతాను అని పట్టు పట్టాడు. వాడికి పదహారేళ్లు. గేర్ల మోటారు సైకిలు నడపడానికి లైసెన్సు పద్దెనిమిది నిండితే గాని ఇవ్వరు. అది వాడికీ తెలుసు. తల్లి మాత్రం కొడుకు చదువు ఆగిపోతుందన్న భయంతో, గడువు తీరి ఇంటికి రావలసినది, ఇంకో రెండేళ్లు అక్కడే ఉండి మోటారు సైకిలు కొనిపెడతానన్నది. ఎనిమిదేళ్ల చెల్లెలు తల్లి మొహం ఫోనులోనే ఎరుగును.

"ఈ సైకిలును గేర్లు లేకుండా చేసుకోవచ్చు బాబూ" అన్నాము. వాడు మా వైపు చూడకుండానే "తాతల సైకిలు లాగానా అయ్యగారండీ?" అన్నాడు.

తాతల సైకిలు అంటే ఏమిటో మాకు బాగా తెలుసు. వేదాంత పాఠశాలలో డిప్లొమా ముగించి మొదటి సంఘానికి వచ్చినప్పుడు, ఆ సంఘస్థులు మాకు ఇచ్చిన మొదటి ఆస్తి ఒక పాత హెర్క్యులిస్ సైకిలు. కడ్డీ బ్రేకులు, నల్ల రంగు, వెనుక పెద్ద క్యారేజీ. ముందు పెడల్ చక్రానికి 44 పళ్లు, వెనుక ఫ్రీవీలుకు 18. మన దేశంలో అట్లాసు, హీరో, ఏవన్ ఏది చూసినా ఆ పెద్ద సైకిళ్ల లెక్క దాదాపు అదే. ఒకసారి పెడల్ తిప్పితే వెనుక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి, సైకిలు అయిదు మీటర్ల పైచిలుకు ముందుకు పోతుంది. ఆ ఒక్క లెక్కతోనే మన కోనసీమలో రెండు తరాలు బతికాయి. కొబ్బరికాయల గెలలు, పాల క్యానులు, చేపల బుట్టలు, అరటి గెలలు, బడికి పోయే ముగ్గురు పిల్లలు, అన్నీ ఆ 44, 18 మీదనే నడిచాయి. కోటిపల్లి రేవులో పంటు మీదికి సైకిలు ఎక్కించుకుని ముక్తేశ్వరంలో దిగి పోయేవారిని మా చిన్నతనంలో రోజూ చూసేవాళ్లము. కాకినాడ నుండి కోటిపల్లికి 1928లో వేసిన రైలు పట్టాలను రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పీకేశారు. మళ్లీ రైలు నడిచింది 2004లో. ఆ మధ్య కాలమంతా సామాన్యుడికి సైకిలే రైలు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను తరువాత రోడ్ల మీద కొబ్బరి చెట్లు అడ్డంగా పడి ఉంటే, సైకిళ్లను భుజాన వేసుకుని చెట్లు దాటి, అవతల మళ్లీ ఎక్కి పోయిన రోజులు మాకు గుర్తే. అప్పటికి మేమూ కుర్రవాళ్లమే.

గేర్లు ఎవరికి కావాలి? కొండ ఎక్కేవాడికి కావాలి. ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ తేలిక కావడానికి, పల్లానికి దిగేటప్పుడు వేగం పెరగడానికి వాటిని పెట్టారు. ఆ పిల్లవాడి సైకిలు మీదనే లెక్క చూడండి. ముందు 24 పళ్లు, వెనుక 28 వేస్తే పెడల్ చుట్టుకు రెండు మీటర్లు కూడా పోదు. ముందు 42, వెనుక 14 వేస్తే ఆరు మీటర్లు పోతుంది. మన్యం ఘాటు రోడ్లలో అది వరమే. మన దగ్గర ఎక్కవలసిన ఎత్తులు ఏమున్నాయి? కాలువ వంతెనలు, గోదావరి గట్టు, గన్నవరం అక్విడక్టు, పెద్ద వంతెనలు. అంతే. మనకు కొండ లేదు గాని గాలి ఉన్నది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుండి వచ్చే ఎదురుగాలిలో అంతర్వేది దారిన సైకిలు తొక్కినవారికి మేము చెప్పేది అర్థమవుతుంది. దానికి ఇరవై ఒక్క గేర్లు అక్కరలేదు, కాస్త తేలికైన ఒక్క గేరు చాలు.

కొందరు గేర్లు లేని సైకిలు అంటే వెనకబాటు అనుకుంటారు. ఫ్రాన్సు దేశమంతా చుట్టివచ్చే ఆ పెద్ద సైకిలు పందెంలో కూడా గేరు మార్చే యంత్రాన్ని 1937లో గాని అనుమతించలేదు. అంతకు ముందు పందెగాళ్లు కొండ మొదట్లో దిగి, వెనుక చక్రం ఊడదీసి అటు ఇటు తిప్పి బిగించుకుని ఎక్కేవారు, చక్రానికి రెండు వైపులా రెండు రకాల పళ్లు ఉండేవి గనుక. ఇప్పుడు పెద్ద పెద్ద నగరాలలో పడుచువాళ్లు కావాలని గేర్లు తీయించుకుని తొక్కుతున్నారు. ఈ మాట చెబితే మా కుర్రవాడు మొదటిసారి తలెత్తి చూశాడు. "నిజంగానాండీ?" అన్నాడు. అమెరికా సంగతి చెబితే వినేవాడు అమ్మమ్మ సంగతి వినడు, కాలం అలా ఉన్నది.

ఇక మా తప్పు. మేము చిన్నప్పుడు సైకిలు షాపులో కూర్చుని పంక్చర్లు వేయడం చూసినవాళ్లమే గాని పనివాళ్లము కాదు. అయినా మాకే అంతా తెలుసనుకుని, పైసా ఖర్చు లేకుండా చేసిపెడతామని మాట ఇచ్చాము. గేర్ల యంత్రం, మీటలు, తీగలు విప్పేశాము. వెనుక ఏడు పళ్ల చక్రాల ముద్ద విప్పడానికి పరికరం మా దగ్గర లేదు. అందుచేత దానిని అలాగే ఉంచి, పాత చైనునే కిరసనాయిలులో కడిగి, పొట్టిగా తెంపి, ముందు పెద్ద చక్రం మీద, వెనుక ఏడింటిలో మధ్యదాని మీద వేసి కలిపేశాము. పెరట్లో తిప్పితే చక్కగా తిరిగింది. ప్రార్థన చేసి పంపించాము కూడా.

రెండవ రోజు సాయంత్రం వాడు చెల్లెలిని వెనుక కూర్చోబెట్టుకుని కాలువ గట్టు మీద వస్తున్నాడు. చైను మధ్య చక్రం మీద నుండి పక్కనున్న పెద్ద చక్రం మీదికి ఎక్కింది. గేర్ల సైకిలు వెనుక పళ్లను చైను సులువుగా పక్కకు ఎక్కేటట్టే చెక్కుతారు. దానిని ఆపి ఉంచే యంత్రాన్ని మేము విప్పి పారేశాము. పెద్ద చక్రం మీదికి ఎక్కగానే పొట్టి చైను బిర్రున లాగుకుంది. మేము కలిపిన లింకు దగ్గర రివిట్టు పూర్తిగా దిగలేదు కాబోలు, అక్కడే తెగింది. ఇద్దరూ పడ్డారు. కాలువ వైపు కాకుండా తోట వైపు, ఎండిన కొబ్బరి మట్టల మీద పడ్డారు. పిల్లదాని మోకాలు చీరుకుపోయింది, వాడి అరచేతులు గీరుకుపోయాయి. అంతటితో పోయింది. ఆ రోజుల్లో కాలువ నిండా నీరు.

అమ్మమ్మ గారు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీరేం చేత్తారండి, పాత సామాను" అన్నది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రి మాకు నిద్ర లేదు. కువైట్‌లో ఉన్న తల్లికి ఆ సంగతి ఎవరు చెప్పారో గాని, మర్నాడే ఫోను చేసి, "మోటారు సైకిలే కొనేద్దామండి అయ్యగారూ, నేనింకో రెండేళ్లుంటాను" అని ఏడ్చింది. "అమ్మా, ఒక్క వారం ఆగు, తప్పు మాది, మేమే సరిచేయిస్తాము" అన్నాము.

ఈసారి తెలివి తెచ్చుకుని పని తెలిసినవాని దగ్గరికి వెళ్లాము. అంబాజీపేట వైపు ఒక పెద్దాయన ఉన్నాడు. నలభై ఏళ్లుగా సైకిళ్ల పనే. ఒకప్పుడు ఆయన షాపు ముందు ఇరవై అద్దె సైకిళ్లు వరుసగా నిలబడి ఉండేవి. ఇప్పుడు మోటారు సైకిళ్ల పంక్చర్ల మీదనే గడుస్తున్నది. ఆయన మేము చేసిన పని చూసి నవ్వాడు. "పాస్టరు గారూ, మీరు ఆవుకు పలుపు విప్పి, కదలకుండా నిలబడమన్నారండి" అన్నాడు.

ఆయన చేసిన పని మేము దగ్గర కూర్చుని చూశాము. మీ ఇంట్లోనూ ఇటువంటి సైకిలు మూలన పడి ఉంటే ఉపయోగపడుతుందని వివరంగా చెబుతున్నాము.

మొదట వెనుక చక్రం ఊడదీసి, ఏడు పళ్ల ముద్ద మధ్యలో కిరసనాయిలు పోసి ఒక రాత్రి ఉంచాడు. మర్నాడు ఆ ముద్ద గాడిలో సరిపోయే ఒక ఇనుప బిళ్లను దూర్చి, ఆ బిళ్లను బల్లకు బిగించిన వైసులో పట్టించి, చక్రం రెండు అంచులూ పట్టుకుని బస్సు స్టీరింగులా ఎడమకు తిప్పాడు. కిర్రుమని ఊడి వచ్చింది. సుత్తి, ఉలితో కొట్టి ఊడదీసేవారు కూడా ఉన్నారు, హబ్బు మర చెడిపోతుందని ఆయన ఒప్పుకోడు. ఇక్కడ తెలుసుకోవలసిన మంచి సంగతి ఒకటి ఉన్నది. మర వేసి బిగించే రకం గేర్ల ముద్ద అయితే దాని మర, మామూలు సైకిలు ఫ్రీవీలు మర ఒకటే. అది ఊడదీసిన చోటనే మామూలు ఫ్రీవీలు ఎక్కుతుంది. చక్రం మార్చనక్కర లేదు. ఖరీదైన సైకిళ్లలో వేరే రకం హబ్బు ఉంటుంది, దానికి ఈ పద్ధతి కుదరదు.

ముందు మూడు చక్రాలూ ఒకదానికొకటి రివిట్లు కొట్టి ఉన్నాయి, విడదీయడానికి రావు. ఆయన వాటి జోలికి పోలేదు. నడిమి 34 పళ్ల దానినే వాడదామన్నాడు. వెనుకకు 18 పళ్లది వేస్తే మరీ తేలికైపోయి కాళ్లు ఊరికే గిరగిరా తిరుగుతాయని, డబ్బాలో వెదికి 16 పళ్లది తీశాడు. అంటే పెడల్ చుట్టుకు నాలుగు మీటర్ల పైన కొంచెం. మా పాత హెర్క్యులిస్ కంటే తేలిక, ఎదురుగాలికి సరిపోతుంది.

పాత చైను పనికిరాదన్నాడు. గేర్ల సైకిలు చైను సన్నం, మామూలు ఫ్రీవీలు పళ్లు మందం. సన్నని చైను మందపు పళ్ల మీద లోపలికి కూర్చోక పైపైన నడుస్తుంది. మామూలు సైకిలు చైను మాత్రం ముందున్న సన్నని పళ్ల మీద కూడా హాయిగా కూర్చుంటుంది. కాబట్టి ఫ్రీవీలు, చైను రెండూ మామూలువే వేయాలి.

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టినది తిన్నగా చేయడం. ముందు పళ్ల చక్రం, వెనుక ఫ్రీవీలు ఒకే గీతలో ఉండాలి. ఫ్రీవీలు ఒక్కటే వేసేసరికి అది లోపలికి పోయింది, చైను వంకరగా నడుస్తున్నది. ఆయన ఇరుసు విప్పి, కుడివైపున్న వాషర్లను కొన్ని తీసి ఎడమవైపు వేశాడు. దానితో హబ్బు కుడికి జరిగి, చైను తిన్ననైంది. అయితే రిమ్ము కూడా కుడికి జరిగిపోయి ఫ్రేముకు రాసుకుంటున్నది. అప్పుడు ఎడమవైపు పుల్లలు కొద్దికొద్దిగా బిగిస్తూ, కుడివైపువి వదులు చేస్తూ, చక్రం తిప్పి సుద్దముక్క ఆనించి చూస్తూ గంటన్నర కూర్చున్నాడు. పిల్లవాడు ఆయన పక్కనే గొంతుకూర్చుని పుల్లల తాళం అందిస్తూ ఉన్నాడు. మధ్యలో ఆయన తాళం వాడి చేతికే ఇచ్చి, "నువ్వు తిప్పు, నేను చెబుతాను, పావు చుట్టు కంటే ఎక్కువ తిప్పావా చెవి మెలేస్తాను" అన్నాడు. గేర్లున్నప్పుడు చక్రం రెండు వైపుల పుల్లల బిగువు సమానంగా ఉండదట. ఇప్పుడు దాదాపు సమానమై, బరువుకు చక్రం ఇంకా గట్టిగా నిలబడుతుందని చెప్పాడు. కొబ్బరికాయలు మోసే చోట అది చిన్న లాభం కాదు.

ఇరుసు కూర్చునే గాడి వెనక్కు జరుపుకునే రకమే గనుక చక్రాన్ని లాగి చైను బిగువు చూసుకున్నారు. మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం ఆడాలి. అంతకంటే బిగిస్తే బరువు, వదిలితే జారుతుంది. గాడి నిలువుగా ఉండే సైకిళ్లలో ఇలా జరపడం కుదరదు. వాటికి గేర్ల యంత్రం బాగుంటే, తీగ లేకుండా చైను పట్టి ఉంచడానికి దానినే వాడుకోవచ్చునట.

బ్రేకులు రెండూ ఉంచారు, తీగలు, రబ్బర్లు కొత్తవి వేశారు. విదేశాలలో కొందరు ఫ్రీవీలు కూడా లేకుండా, బ్రేకులు తీసేసి తొక్కుతారని పిల్లవాడు ఫోనులో చూశాడట, అలా చేద్దామన్నాడు. మేస్త్రి చెవి మెలిపెట్టనే పెట్టాడు. చైనుకు కొబ్బరినూనె పోయవద్దని మాకూ చెప్పాడు. మన ఇళ్లలో తలకు, దీపానికి, తాళానికి, చైనుకు ఒకటే సీసా. దుమ్ము పట్టి జిగురై కూర్చుంటుందట. మిషను ఆయిలు రెండు చుక్కలు వేసి, పైది తుడిచేయాలి.

ఫ్రీవీలు, చైను, తీగలు, రబ్బర్లు, గ్రీజు, ఆయన కూలి అన్నీ కలిపి 700 రూపాయలు దాటలేదు. మా తప్పుకు అది మేమే ఇచ్చుకున్నాము. మా ఇంట్లోవారు ఇప్పటికీ ఆ మాట గుర్తు చేస్తారు. విప్పేసిన సామాను తూచి చూస్తే కిలో పైనే ఉన్నది. సైకిలు అంత తేలికైంది.

ఆ రోజు అంబాజీపేట నుండి ఇంటికి వాడు సైకిలు మీద, మేము మా బండి మీద వెనుక. గట్టు ఎక్కేచోట వాడు దిగుతాడేమోనని చూశాము. సీటు మీద నుండి లేచి నిలబడి తొక్కి ఎక్కేశాడు. పైకి వెళ్లాక ఆగి, చైను వైపు వంగి చూసుకున్నాడు. కదలలేదు.

మరుసటి వారమే కాలేజీలో చేరాడు. నెల రోజులు పోయాక మేము దర్శించడానికి వెళ్లినప్పుడు పెరట్లో ఇంకో కుర్రవాడి సైకిలు తలకిందులుగా పెట్టి ఉన్నది. "వాడిది పద్దెనిమిది గేర్లండి, మూడేళ్ల నుండి మూలన ఉంది" అన్నాడు. ఇనుప బిళ్ల ఎక్కడిదిరా అంటే మేస్త్రి దగ్గర అరువు తెచ్చాడట. వాడి లెక్క చూస్తే ముందు 42, వెనుక 18 వేస్తున్నాడు. ఎదురుగాలికి బరువు కదా అన్నాము. "వాడు లావుగా ఉంటాడండి, తొక్కుతాడు" అన్నాడు. మేము మాట్లాడలేదు.

తల్లి ఫోనులో వీడియో పెట్టించుకుని సైకిలంతా చూసిందట. హాండిలు మీద మీటలు ఏవి, నేను కొన్నప్పుడు ఉన్నాయి కదా అని అడిగిందట. అప్పటికి ఆమె గడువు ఇంకా ఎనిమిది నెలలు ఉన్నది. గడువు పెంచే కాగితం మీద మాత్రం సంతకం పెట్టలేదని అమ్మమ్మ గారు చెప్పింది.

విప్పిన గేర్ల సామాను అంతా ఒక రేకు డబ్బాలో పోసి అటక మీద పెట్టింది ఆవిడ. పాత ఇనప సామానువాడు వీధిలోకి వచ్చినప్పుడల్లా డబ్బా కిందికి దించుతుంది, మూత తీసి చూస్తుంది, మళ్లీ పైన పెట్టేస్తుంది. "కువైట్ డబ్బులండి" అంటుంది.